వైడాల్ రిపోర్టులో 1:160 ఉంటే టైఫాయిడ్ ఉన్నట్టేనా? రెండు ల్యాబుల్లో రెండు రకాలుగా వచ్చింది

నర్సంపేట_రోడ్
మా అమ్మకు వారం దాటింది, జ్వరం విడవడం లేదు. పొద్దున కాస్త నెమ్మదిస్తుంది, చీకటి పడేసరికి మళ్లీ ఒళ్లు కాలిపోతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ రక్తపరీక్ష చేయించి కాగితం చేతికిచ్చాడు: ఎస్. టైఫీ 'ఓ' 1:160, ఎస్. టైఫీ 'హెచ్' 1:80. కింద ఎర్ర ఇంకుతో 'వైడాల్ పాజిటివ్'. గ్లూకోజ్ ఎక్కించి సూదులు మొదలుపెట్టారు. తగ్గకపోయేసరికి హన్మకొండ తీసుకొచ్చి ఇంకో ల్యాబులో చేయిస్తే 'ఓ' 1:80, 'హెచ్' 1:160 వచ్చింది. మా మేనమామ "హెచ్ డబుల్ అయింది, టైఫాయిడ్ ముదిరింది" అంటున్నాడు. మా చెల్లె "ఓ సగానికి పడింది కదా, తగ్గుతోంది" అంటోంది. ఇంట్లో అందరికీ బుగులు పట్టుకుంది. అసలు ఈ అంకెలకు అర్థం ఏమిటి? ఏ రిపోర్టు నమ్మాలి?

పత్తిచేను
160 పాయింట్లు వచ్చిందంటే టైఫాయిడే అన్నా. మా దిక్కు అందరిదీ అదే లెక్క. 320 వస్తే అడ్మిట్ కావాల్సిందే అంటారు.

కాజీపేట_జంక్షన్
మాకు 80 వచ్చినా టైఫాయిడే అని మందులు రాశారు. ఒక్కో చోట ఒక్కో లెక్క ఉంటుందా?

స్లైడ్_మాస్టర్
ల్యాబులో పనిచేస్తాను కాబట్టి ఆ అంకె ఎలా వస్తుందో చెప్తాను.

పాయింట్లు అనేది షుగర్ పరీక్షతో అలవాటైన మాట. షుగర్ 160 అంటే రక్తంలో చక్కెర అంత ఉందని. వైడాల్‌లో 160 అంటే రోగం అంత ఉందని కాదు, క్రిములు అన్ని ఉన్నాయనీ కాదు. ఈ పరీక్షలో క్రిమిని వెతకనే వెతకం. క్రిమితో కొట్లాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను చూస్తాం. రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపచ్చటి సీరమ్‌ను సెలైన్‌తో పలచన చేస్తూ పోతాం. 20 వంతుల్లో ఒక వంతు సీరమ్, తర్వాత 40లో ఒకటి, 80లో ఒకటి, 160లో ఒకటి. ఒక్కోదాంట్లో చంపేసిన టైఫాయిడ్ క్రిములున్న ద్రావణం కలుపుతాం. యాంటీబాడీలు తగినన్ని ఉంటే ముద్దలు కడుతుంది. ముద్ద కట్టిన చిట్టచివరి పలచన ఏదో, అదే రిపోర్టులో రాసేది. మజ్జిగలో నీళ్లు పోసుకుంటూ పోయి, ఎక్కడిదాకా పులుపు నాలుకకు తెలుస్తుందో చూసినట్టు.

80 తర్వాత మెట్టు 160. మధ్యలో 100, 120 ఉండవు. ఈ పరీక్షలో ఒక మెట్టు అటూ ఇటూ కావడం మామూలే. అదే రక్తాన్ని అదే మనిషి రెండుసార్లు చేసినా 80, 160 రావచ్చు. కిట్ కంపెనీ మారినా మారుతుంది. కాబట్టి నర్సంపేట అన్నా, మీ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి పెరిగిందని గానీ తగ్గిందని గానీ చెప్పడానికి లేదు.

నర్సంపేట_రోడ్
అంటే మామ చెప్పిందీ కాదు, చెల్లె చెప్పిందీ కాదు. మరి పెరిగిందని ఎప్పుడు అనాలి?

స్లైడ్_మాస్టర్
కనీసం నాలుగింతలు, అంటే రెండు మెట్లు ఎక్కాలి. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయాలి. 40 ఉన్నది 160 అయిందంటే అది లెక్కలోకి వస్తుంది. కానీ అన్ని రోజులు మందు వేసుకోకుండా ఎవరు ఆగుతారు? అందుకే ఆ రెండో పరీక్ష ఎవరూ చేయించరు.

భద్రకాళి_గట్టు
రెండు ల్యాబుల్లో పద్ధతి కూడా వేరై ఉండొచ్చు. నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసినప్పుడు స్లైడ్, ట్యూబ్ అని రెండు నేర్పారు.

స్లైడ్_మాస్టర్
అవును. మన దగ్గర చిన్న ల్యాబుల్లో నూటికి తొంభై స్లైడే. కార్డు మీద సీరమ్ చుక్క, దాని పక్కన రంగు వేసిన ద్రావణం చుక్క, పుల్లతో కలిపి చేత్తో ఊపుతూ ఒక నిమిషం చూడాలి. ఒక్క నిమిషమే. పక్కన ఇంకో పేషెంట్ రక్తం తీసి వచ్చేసరికి ఆ చుక్క అంచులు ఆరిపోతాయి, ఆరితే అది కూడా ముద్ద కట్టినట్టే కనిపిస్తుంది. వానాకాలం జ్వరాల రద్దీలో ఇది జరుగుతుంది, నా కళ్లతో చూశాను. ట్యూబ్ పద్ధతిలో గాజు గొట్టాలు రాత్రంతా 37 డిగ్రీల నీళ్లలో ఉంచి తెల్లారి చూస్తారు. స్లైడ్ మీద అనుమానం వస్తే ట్యూబులో చేసి నిర్ధారించుకోవాలని కిట్ కాగితాల్లోనే ఉంటుంది. అరగంటలో రిపోర్టు కావాలని కౌంటర్ దగ్గర నిలబడితే ట్యూబ్ ఎక్కడ పెడతాం?

జ్వరాల_వార్డు
జనరల్ మెడిసిన్ డాక్టర్‌ను. స్లైడ్_మాస్టర్ చెప్పినదంతా సరైనదే, దానికి కొంత కలుపుతాను.

'ఓ', 'హెచ్' రెండూ ఒకే క్రిమి భాగాలు. క్రిమి పైపొరకు సంబంధించినది ఓ, అది ఈదడానికి వాడే తోకలది హెచ్. రిపోర్టులో ఏహెచ్, బీహెచ్ అని ఇంకో రెండు వరుసలు ఉంటాయి, అవి పారాటైఫాయిడ్ ఏ, బీ క్రిములవి. జ్వరం వచ్చిన మొదటి రోజుల్లో ఇవేవీ పెద్దగా పెరగవు. మొదటి వారం చివర్లో ఓ కనిపించడం మొదలవుతుంది, హెచ్ కొంచెం వెనక వస్తుంది. జ్వరం పోయాక ఓ కొన్ని నెలల్లో దిగిపోతుంది, హెచ్ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అంటే జ్వరం వచ్చిన రెండో రోజే వైడాల్ చేయించి నెగెటివ్ వచ్చిందని ధైర్యంగా ఉండటానికి లేదు, పాజిటివ్ వచ్చిందని భయపడటానికీ లేదు.

కాజీపేట అడిగిన ప్రశ్న ముఖ్యమైనది. టైఫాయిడ్ బాగా తిరిగే ప్రాంతంలో ఏ జ్వరమూ లేని మనిషి రక్తంలో కూడా ఎంతో కొంత యాంటీబాడీ ఉంటుంది. చిన్నప్పుడు ఎప్పుడో క్రిమి సోకి ఉంటుంది, మనకు తెలియను కూడా తెలియదు. అందుకే ఒక ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తేనే ఎంత దాటితే అనుమానించాలో చెప్పగలం. మన దేశంలో చాలాచోట్ల ఓ 80, హెచ్ 160 దగ్గర గీత గీస్తారు, కొన్నిచోట్ల ఇంకా పైన. అన్ని ఊళ్లకూ ఒకే అంకె ఉండదు. పైగా మలేరియా, డెంగీ లాంటి వేరే జ్వరాలు వచ్చినప్పుడు పాత యాంటీబాడీలు మళ్లీ లేస్తాయి. అప్పుడు ఉన్నది డెంగీ, కాగితం మీద టైఫాయిడ్.

పత్తిచేను
అందుకేనా మా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా డెంగీ ప్లస్ టైఫాయిడ్ అని రెండూ రాస్తున్నారు?

జ్వరాల_వార్డు
చాలావరకు అందుకే. రెండూ కలిసి రావడం అసాధ్యం కాదు, కానీ అంతమందికి రావడం జరగదు.

కాజీపేట_జంక్షన్
వానాకాలంలో మా వాడలో వైడాల్ నెగెటివ్ వచ్చినవాడికి దావత్ ఇవ్వాలి. అంత అరుదు.

మండలం_తమ్ముడు
మీరందరూ హన్మకొండలో కూర్చుని మాట్లాడుతున్నారు. మా నాన్న ముప్పై ఏళ్లుగా ఊళ్లో ప్రాక్టీస్ చేస్తున్నాడు. అర్ధరాత్రి చలిజ్వరంతో వణికే ముసలమ్మను బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకొస్తారు. కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) చేయించండి, ఐదు రోజులాగండి అంటే ఎవరు వింటారు? వైడాల్‌కు రెండు మూడు వందలు, కల్చర్‌కు వెయ్యి దాకా అడుగుతారు. పొద్దున కూలికి పోకపోతే గడవని ఇళ్లు. ఉన్న పరీక్షతోనే కదా నెట్టుకురావాలి.

జ్వరాల_వార్డు
తమ్ముడూ, మీ నాన్నగారు అర్ధరాత్రి తలుపు తీసి చూస్తున్నారంటే అది చిన్న విషయం కాదు. డబ్బు సంగతి కూడా నిజమే. నా బాధ ఒక్కటే. వైడాల్ చూసి మొదటి రోజే గట్టి యాంటీబయాటిక్ సూది పడుతుంది. రెండు రోజులు చూసి తగ్గలేదని ఇంకోటి, ఆ తర్వాత మరోటి. మా వార్డుకు వచ్చేసరికి మనిషి మూడు రకాల మందులు వాడి ఉంటారు. అప్పుడు కల్చర్ పెట్టినా క్రిమి పెరగదు, అసలు ఏ జ్వరమో చెప్పడానికి దారి మూసుకుపోతుంది. ఒకప్పుడు సిప్రోఫ్లోక్సాసిన్ మాత్రలతో తగ్గిన టైఫాయిడ్ ఇప్పుడు మన దేశంలో ఎక్కువ శాతం దానికి లొంగడం లేదు. సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ మిగిలాయి. వాటినీ అవసరం లేని జ్వరాలకు వాడి పాడుచేసుకుంటే రేపు నిజంగా టైఫాయిడ్ వచ్చిన పిల్లలకు ఏమిస్తాం?

ములుగు_అడవిదారి
మా పెద్దమ్మ సంగతి చెప్తాను. పత్తి చేనులో కలుపు తీస్తూ ఉండేది. జ్వరం, తలనొప్పి, వైడాల్ 1:160. టైఫాయిడ్ కోర్సు మొత్తం అయిపోయింది, జ్వరం అలాగే ఉంది, ఆయాసం మొదలైంది. పెద్ద దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ చీర కుచ్చిళ్లు పక్కకు జరిపి నడుము చుట్టూ చూసింది. లంగా బొందు కట్టుకునే చోట, బీడీతో కాల్చినట్టు నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు కాబట్టి పెద్దమ్మ ఎవరికీ చెప్పలేదు. స్క్రబ్ టైఫస్ అన్నారు. డాక్సీసైక్లిన్ వేశాక రెండో రోజుకే జ్వరం దిగింది. పేరులో టైఫస్ ఉంది కాబట్టి అది కూడా టైఫాయిడే అని ఊళ్లో ఇప్పటికీ అనుకుంటున్నారు.

జ్వరాల_వార్డు
పేరు దగ్గరగా ఉన్నా రెండింటికీ సంబంధం లేదు. స్క్రబ్ టైఫస్ గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. ఆ నల్ల చెక్కు చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము దగ్గర ఉంటుంది, వెతికితేనే కనపడుతుంది. అందరికీ ఉండదు కూడా. టైఫాయిడ్‌కు ఇచ్చే సెఫ్ట్రియాక్సోన్ దీనికి పనిచేయదు. నర్సంపేట_రోడ్, మీ అమ్మగారు చేను పనికి పోతారా? ఒకసారి చెల్లెతో ఒళ్లంతా చూడమని చెప్పండి. రక్తంలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఎంత ఉన్నాయి?

నర్సంపేట_రోడ్
చేను పనికి పోతుంది మేడం. చెల్లె చూసింది, చెక్కు ఏమీ లేదట. తెల్లకణాలు 4,200, ప్లేట్‌లెట్లు లక్షా ముప్పై వేలు. డెంగీ కార్డు టెస్టులో ఎన్‌ఎస్1 నెగెటివ్.

జ్వరాల_వార్డు
వారం దాటాక ఎన్‌ఎస్1 నెగెటివ్ వస్తే డెంగీ లేదని కాదు. ఎన్‌ఎస్1 అంటే డెంగీ వైరస్ ప్రోటీన్, ఆ పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో పనికొస్తుంది, తర్వాత ఐజీఎం అనే యాంటీబాడీని చూడాలి. టైఫాయిడ్‌లోనూ తెల్లకణాలు మామూలుగానో కాస్త తక్కువగానో ఉంటాయి, ప్లేట్‌లెట్లు కొంచెం తగ్గొచ్చు. కాబట్టి ఈ అంకెలు ఏ వైపూ తేల్చవు. బ్లడ్ కల్చర్ పెట్టించండి, మందు పడింది కాబట్టి రాకపోవచ్చు, అయినా పెట్టించండి. దాంతోపాటు డెంగీ ఐజీఎం, స్క్రబ్ టైఫస్ ఐజీఎం, మలేరియా స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) అడగండి. ఫోన్‌లో ఇంతకంటే చెప్పలేను, మనిషిని చూడాలి. కడుపులో తీవ్రమైన నొప్పి, నల్లటి విరేచనం, మాట తడబడటం, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే దవాఖానకు తీసుకెళ్లండి. టైఫాయిడ్ నిజమైతే మూడో వారంలో పేగుకు రంధ్రం పడే ప్రమాదం ఉంటుంది.

భద్రకాళి_గట్టు
ప్రభుత్వ దవాఖానలో రక్తం ఇస్తే టీ-డయాగ్నొస్టిక్స్ హబ్‌కు పంపుతారు, డబ్బులు పెట్టక్కరలేదు. కల్చర్ మాత్రం ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానలో అడగాలి.

స్లైడ్_మాస్టర్
కల్చర్‌కు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం కావాలి. అంత తీస్తున్నారేమిటని గొడవ పెట్టుకుంటారు, రెండు మిల్లీలీటర్లతో సరిపెట్టమంటారు. టైఫాయిడ్ క్రిములు రక్తంలో చాలా తక్కువగా ఉంటాయి, రక్తం తక్కువైతే దొరకవు. సూది గుచ్చే ముందు స్పిరిట్ రాసి ఆరనివ్వాలి, లేకపోతే చర్మం మీది క్రిమి పెరుగుతుంది. పెరిగితే ఏ మందుకు లొంగుతుందో కూడా అదే రిపోర్టులో వస్తుంది. వైడాల్ ఎన్నిసార్లు చేసినా ఆ ముక్క చెప్పలేదు.

మండలం_తమ్ముడు
మరి కల్చర్ నెగెటివ్ వస్తే టైఫాయిడ్ లేనట్టేనా? అది కూడా నూటికి నూరు కాదు కదా.

జ్వరాల_వార్డు
కాదు. మంచి చేతుల్లో కూడా పదిమంది టైఫాయిడ్ రోగుల్లో ఆరుగురికి దాకానే దొరుకుతుంది. ఎముక మూలుగ కల్చర్ ఇంకా నయం, కానీ ప్రతి జ్వరానికీ అది చేయలేం. మీ ప్రశ్న న్యాయమైనదే. అయినా పాజిటివ్ వచ్చిందంటే ఇక సందేహం ఉండదు. వైడాల్‌కు ఆ బలం లేదు.

వేయిస్తంభాల_సారు
ఈ పరీక్ష 1896లో ఫెర్నాండ్ వైడాల్ అనే ఫ్రెంచ్ వైద్యుడు చెప్పింది. నూట పాతికేళ్లు దాటిపోయింది. ఆ కాలానికి అది గొప్ప సంగతే. టైఫాయిడ్ ఎప్పుడో గానీ కనపడని దేశాల్లో పెద్దవాళ్లకు పాత యాంటీబాడీలు ఉండవు కాబట్టి ఒక్క అంకెతో కొంత తేలుతుంది. మన దగ్గర ఆ వీలు లేదు.

హంటర్‌రోడ్_అమ్మ
నాకు ఒక పెద్ద అనుమానం. మా పాపకు టైఫాయిడ్ అని మందులు పూర్తిగా వాడాం, జ్వరం పోయి నెల అయింది, బడికి పోతోంది, బాగా తింటోంది. తగ్గిందో లేదో చూద్దామని ఒక క్లినిక్‌లో మళ్లీ వైడాల్ చేసి హెచ్ 1:160 ఇంకా ఉందని ఇంకో కోర్సు సూదులు వేశారు. దాని తర్వాత మళ్లీ చేశారు, మళ్లీ అంతే. పిల్ల చేతికి ఎక్కడ చూసినా సూది మచ్చలే. ఇంకా ఎన్నిసార్లు వేయించాలి?

జ్వరాల_వార్డు
ఇంక వేయించకండి అమ్మా. దయచేసి. తగ్గిందా లేదా అని వైడాల్‌తో చూడకూడదు. నేను పైన చెప్పినట్టు హెచ్ ఏళ్ల తరబడి ఉంటుంది. అది పాపకు క్రిమి ఒకప్పుడు సోకిందన్న గుర్తు మాత్రమే. జ్వరం లేదు, ఆకలి ఉంది, ఆడుకుంటోంది అంటే తగ్గినట్టే. టైఫాయిడ్ తిరగబెట్టడం ఉంది, అది సాధారణంగా జ్వరం తగ్గిన రెండు మూడు వారాల్లో మళ్లీ జ్వరంతోనే వస్తుంది, కాగితం మీద అంకెతో రాదు.

హంటర్‌రోడ్_అమ్మ
ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు. పాప నాన్నకు ఇప్పుడే చదివి వినిపించాను.

పత్తిచేను
మరి పథ్యం సంగతి? టైఫాయిడ్ అంటే నెల రోజులు బ్రెడ్డు, ఇడ్లీ, జావే కదా. అన్నం, కూర, నూనె ముట్టనివ్వరు. పేగుకు పుండు పడుతుందని.

ములుగు_అడవిదారి
మా పెద్దమ్మకు టైఫాయిడ్ కాకపోయినా పథ్యం మాత్రం పూర్తిగా పెట్టాం. జ్వరం కంటే పథ్యంతోనే ఎక్కువ చిక్కిపోయింది.

జ్వరాల_వార్డు
మెత్తటి అన్నం, పప్పు, పెరుగు, ఉడికించిన గుడ్డు పెట్టొచ్చు. జ్వరంలో కండ కరుగుతుంది, మనిషికి బలం కావాలి. కారం, మసాలా కొన్నాళ్లు తగ్గిస్తే చాలు. ఇంకో సంగతి, సరైన మందు పడ్డా టైఫాయిడ్ జ్వరం దిగడానికి మూడు నుంచి ఐదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. రెండో రోజుకే డాక్టర్‌ను మార్చేస్తే మందు మారుతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

నర్సంపేట_రోడ్
అమ్మను చూపించాం. కల్చర్‌లో ఏమీ పెరగలేదు, ముందే సూదులు పడటం వల్ల కావచ్చన్నారు. డెంగీ ఐజీఎం, స్క్రబ్ రెండూ నెగెటివ్, మలేరియా లేదు. టైఫాయిడ్ కావచ్చు, కాకపోనూవచ్చు, మొదలుపెట్టిన మందు మధ్యలో ఆపొద్దని కోర్సు పూర్తి చేయమన్నారు. నిన్నటి నుంచి సాయంత్రం పూట జ్వరం రావడం లేదు. వైడాల్ మళ్లీ చేయించమని మామ అంటే చెల్లె ఈ చర్చ అంతా ఫోన్‌లో చూపించింది.

కాజీపేట_జంక్షన్
మామ ఏమన్నాడు?

నర్సంపేట_రోడ్
మజ్జిగ దగ్గర ఒప్పుకున్నాడు.

హంటర్‌రోడ్_అమ్మ
ఇంకొక్కటి అడుగుతాను. చిన్నోడికి టైఫాయిడ్ టీకా వేయిద్దామంటే మా తోడికోడలు "టీకా వేస్తే ఇక జీవితాంతం వైడాల్ పాజిటివే వస్తుంది, జ్వరం వచ్చినప్పుడల్లా తికమక" అంటోంది. నిజమేనా?

జ్వరాల_వార్డు
అది పాత టీకా సంగతి. ఒకప్పుడు చంపిన క్రిమిని మొత్తంగా ఎక్కించేవాళ్లు, దాంతో ఓ, హెచ్ రెండూ పెరిగేవి. ఇప్పటి టీకా క్రిమి మీద ఉండే 'వీఐ' అనే పూతతో చేస్తారు. వైడాల్‌లో చూసేది ఆ పూతను కాదు, కాబట్టి ఆ తికమక మామూలుగా ఉండదు. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ చేసిన కాంజుగేట్ టీకా (ఆ పూతను ఒక ప్రోటీన్‌కు జోడించినది) ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో టైఫాయిడ్ ఎక్కువున్న దేశాల్లో ఆరు నెలలు దాటిన పిల్లలకు ఈ రకం టీకాను సిఫారసు చేసింది. ఒకే డోసు. పారాటైఫాయిడ్‌ను మాత్రం ఇది ఆపదు, నీళ్లు కాచి తాగడం మానొద్దు. చిన్నోడికి ఇప్పుడు జ్వరం ఏమీ లేకపోతే పిల్లల డాక్టర్ దగ్గర వేయించండి.

హంటర్‌రోడ్_అమ్మ
జలుబు ఉంది, జ్వరం లేదు. వేయించొచ్చా?

జ్వరాల_వార్డు
మామూలు జలుబైతే వేయించొచ్చు.